అమ్మాయికి ఏ వీణ కొందాం?

డోన్ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. భర్తగారిది రైల్వేలో ఉద్యోగం. పన్నెండేళ్ళ అమ్మాయి రెండేళ్ళుగా వీణ నేర్చుకుంటున్నది. పాఠమూ సాధనా రెండూ గురువుగారి ఇంట్లో, వారి వీణమీదే. ఈ వేసవిలో పొదుపు డబ్బు తీసి సొంత వీణ కొందామనుకున్నారట. అనుకున్నారో లేదో, ఇంట్లో నాలుగు అభిప్రాయాలు బయలుదేరాయి.

భర్తగారికి నగిషీలున్న తంజావూరు వీణ కావాలి. అమ్మాయి, ఒకే దుంగలో చెక్కిన బొబ్బిలి వీణ అంటుంది. మరిదిగారేమో “ఆ డబ్బులో కొంచెం పెడితే గిటారు వస్తుంది కదా, వదినా” అంటారు. అత్తగారు తన పాత వీణ అటకమీద ఉందని గుర్తు చేసి ఊరుకున్నారు. అన్నీ చెప్పి చివర ఈ సోదరి అడిగిన ప్రశ్న ఇది: “రేపు పెళ్ళయి వెళితే మూలపడేదానికి ఇంత డబ్బు పోయడం తగునా?”

ఆ చివరి ప్రశ్నకు చివరనే జవాబు చెబుతాను. ముందు వీణల సంగతి చూద్దాం.

ఇప్పుడు మనం చూస్తున్న వీణకు 24 మెట్లు, ఏడు తీగలు. నాలుగు వాయించడానికి, మూడు తాళానికి. 17వ శతాబ్దిలో తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడు, మన తెలుగు కవే, దీనిని ఇలా తీర్చాడని చెబుతారు. తంజావూరులోనైనా, బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలోనైనా, నూజివీడులోనైనా వీణకు పేరుపడ్డ కలప ఒకటే, పనస. అందుచేత ఊరి పేరుకన్నా అడగవలసిన మాటలు వేరే ఉన్నాయి.

మొదటిది, ఏకాండమా, అతుకులదా? కుండ, దండి, తల ఒకే దుంగలోంచి చెక్కితే అది ఏకాండ వీణ. విడివిడిగా చేసి అతికితే అతుకుల వీణ. ఏకాండంలో నాదం తెగకుండా చాలాసేపు నిలుస్తుందని విద్వాంసులు దానిని కోరతారు. పెద్ద దుంగ కావాలి, పని ఎక్కువ, కనుక ఖరీదూ ఎక్కువే. అయితే బాగా ఎండిన కలపతో చేసిన అతుకుల వీణ, పచ్చి కలపతో చేసిన ఏకాండ వీణకన్నా నూరుపాళ్ళు నయం. తడిగాలి ఊళ్ళో చేసిన పచ్చిచెక్కను మీ డోన్ ఎండకు తెస్తే, అది ఆరి ముడుచుకుని పగులు చూపిస్తుంది. “కలప ఎన్నేళ్ళు ఎండబెట్టారు?” అని చేసినవారినే అడగండి.

ఈ తగవు మనకే ఉందనుకోకండి. మరిదిగారి గిటారులోనూ ఉంది. అమెరికాలో గిబ్సన్ కంపెనీ 1922లో ఎల్-5 అనే గిటారు తెచ్చింది. లోపల డొల్ల, పైపలక గట్టి చెక్కనుంచి మలిచినది. అదే కంపెనీ 1949లో ఇఎస్-175 అనే చౌక రకం తెచ్చింది. దాని పలక అతికిన పొరల చెక్క. జాజ్ విద్వాంసులు రెండింటినీ ఆదరించారు. పొరల చెక్క తక్కువగా కంపిస్తుంది కనుక, లౌడుస్పీకరు పెట్టినప్పుడు చౌకదే తక్కువగా కూత పెట్టేది! ఖరీదైనదే ఎల్లప్పుడూ మనకు కావలసినది కాదని తాత్పర్యం. అయినా మరిదిగారితో ఒక్క మాట చెప్పండి. గిటారు చౌకరకం వీణ కాదు. మెట్టుమీద తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాలు పలికించే గమకం కోసమే వీణ మెట్లు అంత ఎత్తుగా ఉంటాయి. అమ్మాయి రెండేళ్ళు నేర్చుకున్నది ఆ విద్యనే.

రెండవది మెట్లు. ఇక్కడ మా యింట్లో జరిగిన సంగతి చెప్పాలి. మా చెల్లెలి కూతురికి ఒక పట్నంలో, పెద్ద కొట్లోనే, వీణ కొన్నాం. కుండమీద నెమళ్ళు, తలమీద బంగారు రంగు యాళి. కొట్టాయన ఒక కీర్తన వాయించి చూపాడు. మేము మురిసిపోయాం గాని, ఒక్కళ్ళం మెట్టుమీద వేలు పెట్టలేదు. వైశాఖం వచ్చేసరికి మెట్లు కదిలాయి. పిల్ల ఏడాదిపాటు ఆ అపస్వరంమీదే సాధన చేసింది. తరువాత గురువుగారు వీణను సరిచేశారు గాని, చెవిని సరిచేయడానికి మరో ఏడాది పట్టింది.

కారణం చాలా చిన్నది. వీణ మెట్లను చెక్కలో దిగగొట్టరు. తేనెమైనంలో నల్లపొడి కలిపి, ఆ దిమ్మమీద కూర్చోబెడతారు. తేనెమైనం 60 డిగ్రీలు దాటితేగాని కరగదు. కాని 40 డిగ్రీల ఎండలో మెత్తబడుతుంది. మీ ఊళ్ళో వేసవి 40 దాటడం వింతా? కనుక కొనేముందు గురువుగారిని అడిగి, మైనం వేడిచేసి మెట్లు మళ్ళీ అమర్చగలవారు కర్నూలులోనో, ఇంకా దగ్గరలోనో ఎవరున్నారో తెలుసుకోండి. అట్లాంటివారు అందుబాటులో ఉంటే మామూలు వీణ కూడా బాగా పలుకుతుంది. లేకపోతే ఎంత గొప్ప వీణయినా రెండు వేసవులకు బెదురుతుంది. ఈ మైనంలో ఒక మేలు కూడా ఉంది. మెట్లు ఎన్నిసార్లయినా తీసి పెట్టవచ్చు గనుక, ఒక వీణ మూడు తరాలు బ్రతుకుతుంది.

కొట్లో ఈ పరీక్షలు చేయండి. దండి చివర కన్ను పెట్టి నిడివిగా చూడండి. వంపు కనిపిస్తే వద్దు. సారణి తీగను ఊరికే మీటి, తరువాత పన్నెండో మెట్టుమీద నొక్కి మీటండి. సరిగ్గా పైస్థాయి షడ్జమం పలకాలి. 24 మెట్లూ ఒక్కొక్కటే నొక్కండి. ఎక్కడా తీగ జిరజిరలాడకూడదు. మొదటి మెట్లమీద అమ్మాయి చేతనే తీగ లాగించండి. పిల్ల వేలు నొప్పెడితే ఆ వీణకు మొక్కి లేచి రండి. గురువుగారిని వెంట తీసుకువెళితే, వారి రైలు ఖర్చు దండగ కాదు. డోన్ నుంచి నంద్యాల, గుంటూరు మీదుగా బెజవాడకు రైలుంది. అక్కడినుంచి నూజివీడు దగ్గరే. బొబ్బిలి, తంజావూరు దూరం. దారి ఖర్చులు, పెట్టె, ఏటా మెట్లు కట్టించే కూలి, ఇవన్నీ వీణ ఖరీదులోనే కలిపి లెక్కవేసుకోండి.

నగిషీలో దంతం ఉందని ఎవరైనా ఎక్కువ అడిగితే కొనవద్దు. 1986లో చట్టాన్ని సవరించి దంతం వ్యాపారాన్ని నిషేధించారు. నాదానికి దానితో పనీ లేదు. ఈమని శంకరశాస్త్రిగారు (1922-1987), వారి శిష్యుడు చిట్టిబాబుగారు (1936-1996) వాయించిన రికార్డులు విన్నప్పుడు మనం నగిషీని చూస్తున్నామా? ఆ నాదంలో కొంత చెక్కది, మిగిలింది వారి వేళ్ళది.

ఇక నా సలహా. కొత్త వీణ మాట తరువాత. ముందు అత్తగారి వీణను అటకమీదనుంచి దింపించండి. దండి నిటారుగా ఉండి, చెక్కకు పుచ్చు పట్టకపోతే, తీగలూ మెట్లూ కొత్తగా వేయించండి. కొత్తదాని ఖరీదులో చిన్న భాగంతో పని అయిపోవచ్చు. అన్నేళ్ళు మీ ఊరి గాలికి ఎండిన పనస ఇక ముడుచుకునేదేమీ ఉండదు. అది పనికిరాదని గురువుగారంటే, అప్పుడు మంచి అతుకుల వీణ కొనండి. ఏకాండం అమ్మాయి కచేరీ చేసేనాటికి చూసుకోవచ్చు. ఇంట్లో ఏ వీణ ఉన్నా గుడ్డ తొడిగి, వంటింటి గోడకూ ఎండ పడే కిటికీకీ దూరంగా పెట్టండి.

చివరి ప్రశ్న ఒకటి మిగిలింది కదా. పెళ్ళయితే మూలపడుతుందేమోనని మీ భయం. ఆ వీణ అటక ఎక్కింది ఏ సంవత్సరమో, ఎందుకో, మీ అత్తగారిని ఒకసారి కూర్చోబెట్టి అడగండి. ఆమె జవాబు విన్న తరువాత డబ్బు పోయాలో వద్దో మీకే తెలుస్తుంది. అమ్మాయికి సంబంధం చూసేనాడు, పిల్లతోపాటు వీణ కూడా వస్తుందని, అది రోజూ మోగుతుందని ముందే చెప్పండి. వీణ దిగాక మొదటి తీగ మీ అత్తగారి చేతనే మీటించి, ఎలా పలికిందో నాకు వ్రాయండి.