కొనుట వేరు – పోషించుట వేరు

వాహనం మానవునికి అవసరంగా పుట్టి, అలంకారంగా పెరిగి, చివరకు హోదాకు కొలమానంగా మారింది. ఎద్దుబండి కానీ, గుర్రపు బగ్గీ కానీ, మోటారు కారు కానీ, కొత్తగా ఇంటిముందు నిలిచిన నాడు ఆ ఇంటివారి నడకలో కొంత ఠీవి కనిపించడం సహజం. అది తప్పని మేము అనము. అయితే నేటి యువకుల సంభాషణలలో ఒక కోరిక తరచు వినవస్తున్నది. కొత్తగా ఉన్నప్పుడు కలలోనైనా అందని విదేశీ కారును, మరొకరు పది పన్నెండేండ్లు వాడి వదలిన తరువాత, సామాన్యమైన కొత్త కారు ధరకే సంపాదించవచ్చునన్నదే ఆ కోరిక. అందునా డీజిలు బండి అయితే ఇంధన వ్యయం స్వల్పమట. రెండు తలుపుల కూపే అయితే సొగసు అధికమట. చౌక, పొదుపు, సొగసు – ఈ మూడు ఆకర్షణలు ఒకచోట కలిసినప్పుడు వివేకం వెనుకంజ వేయడంలో వింత లేదు. కనుకనే ఈ విషయమై మా అభిప్రాయాన్ని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచాము.

మా అభిప్రాయం క్లుప్తంగా ఇది. పాత కారు కొనేవాడు దాని ధరలో వచ్చిన తగ్గింపును చూస్తాడు. దాని పోషణలో ఏ తగ్గింపూ ఉండదన్న సంగతిని చూడడు. 60 లక్షల రూపాయల కారు పన్నెండేండ్ల తరువాత 10 లక్షలకు వచ్చిందనుకొందాం. తగ్గినది విక్రయ మూల్యం మాత్రమే. దాని బ్రేకులు, గేరుపెట్టె, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు 60 లక్షల కారుకు చెందినవే గదా! వాటి ధరలూ ఆ స్థాయిలోనే ఉంటాయి. ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని సామెత. ముసలిదైన ఏనుగుకు మేత తగ్గించవచ్చునని మాత్రం ఏ సామెతా చెప్పలేదు.

ఊహకంటె ఉదాహరణ మేలు. ఈ కోవకు చెందిన కార్లలో ప్రసిద్ధి గాంచిన ఒకదానిని పరిశీలిద్దాం. అది జర్మనీలో తయారై ఉత్తర అమెరికా విపణి కొరకే పంపబడిన మెర్సిడెస్-బెంజ్ 300 సి.డి. కూపే. దాని పుట్టుక వెనుక ఆసక్తికరమైన చరిత్ర ఉన్నది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు విధించగా అమెరికా ఇంధన కరువును చవిచూసింది. 1975లో అక్కడి కాంగ్రెసు ఒక శాసనం చేసి, ప్రతి కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీకి కనీస పరిమితిని నిర్ణయించింది. 1978 నమూనా కార్లకు గాలనుకు 18 మైళ్ళుగా ఉన్న ఆ పరిమితి 1985 నమూనాలకు 27.5 మైళ్ళకు పెరిగింది. పెద్ద పెట్రోలు ఇంజన్లతో విలాసవంతమైన కార్లు అమ్మే కంపెనీకి ఇది గడ్డు సమస్య. డీజిలు కార్లు ఎక్కువగా అమ్మితే సగటు మెరుగుపడుతుంది. ఆ విధంగా, టాక్సీలకు తగినదని ఐరోపావారు భావించిన డీజిలు ఇంజను సొగసైన కూపేలోనికి ప్రవేశించింది. 1977 నుండి 1985 వరకు ఆ కార్లు తయారయ్యాయి. ఐరోపాలో ఆ కూపేను డీజిలు ఇంజనుతో అమ్మనేలేదు.

ఆ ఇంజనుకు అయిదు సిలిండర్లు. పరిమాణం 3 లీటర్లు. మొదట దాని శక్తి సుమారు 80 అశ్వశక్తి మాత్రమే. 1981లో టర్బో అమర్చిన తరువాత అది సుమారు 120కి చేరింది. వేగంలో అది ఎన్నడూ గర్వించదగినది కాదు. దాని కీర్తి అంతా మన్నికలో ఉన్నది. ఈ మన్నికను గురించి చెప్పేవారు గ్రీసు దేశపు టాక్సీ డ్రైవరు గ్రెగోరియోస్ సహినీదిస్ కారును తప్పక ప్రస్తావిస్తారు. ఆయన నడిపిన 1976 నాటి 240 డి కారు 46 లక్షల కిలోమీటర్లు తిరిగి, 2004లో కంపెనీవారి మ్యూజియానికి చేరింది. అయితే ఆ కథ చెప్పేవారు సగమే చెబుతున్నారని మా అభియోగం. ఆయన ఆ కారు ఇంజన్లను పలుమార్లు దించి, బాగుచేయించి, తిరిగి ఎక్కించాడు. అన్ని లక్షల కిలోమీటర్లు నడిపించినది జర్మనీ ఉక్కు ఎంతయో, ఆ డ్రైవరు శ్రద్ధ కూడ అంతే. మన యువకులు ఉక్కును మాత్రమే లెక్కించి, శ్రద్ధను లెక్కలోనికి తీసుకొనడం లేదు.

ఇక 300 సి.డి. యజమానికి ఎదురయ్యే పనులను చూద్దాం. ఈ ఇంజను వాల్వుల సందును సుమారు 15 వేల మైళ్ళకొకసారి సరిచేయించవలెను. ఆ పని మానినవాని బండి చలికాలపు ఉదయాన మొరాయిస్తుంది; క్రమంగా శక్తి కోల్పోతుంది. మరొక విశేషమేమనగా, ఈ కారులో అనేక పనులు గాలిని పీల్చివేసి ఏర్పరచిన శూన్యంతో, అనగా వాక్యూముతో జరుగుతాయి. బ్రేకులకు ఊతమిచ్చేది అదే. తలుపుల తాళాలు వేసేది అదే. తుదకు ఇంజనును ఆర్పేది కూడ అదే. సన్నని గొట్టమొకటి చిట్లినా, తాళపుచెవి తీసి చేతిలో పట్టుకొన్న తరువాత కూడ ఇంజను ఆగక మ్రోగుతూనే ఉంటుంది. అప్పుడు యజమాని దిగి, ముందరి మూత ఎత్తి, ‘స్టాప్’ అని వ్రాసి ఉన్న మీటను చేతితో నొక్కవలెను. నలుగురిలో ఠీవి కొరకు కొన్న కారు నలుగురి ముందు ఈ పని చేయిస్తే ఆ ఠీవి ఏమైనట్లు?

సొగసుకు వేరే సుంకం ఉన్నది. ఆ శ్రేణి కార్లు 1976 నుండి పదేండ్లలో సుమారు 27 లక్షలు తయారు కాగా, వాటిలో కూపేలు దాదాపు ఒక లక్ష మాత్రమే. నాలుగు తలుపుల కారుకూ, కూపేకూ ఇంజను భాగాలు సమానం కనుక అవి దొరుకుతాయి. కాని కూపే అద్దాలు, కిటికీల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలు, పొడవైన తలుపుల రేకు ప్రత్యేకమైనవి. వాటి కొరకు వెదకులాట తప్పదు. వెనుక అద్దం క్రింద నీరు చేరి, నేల రేకు తుప్పు పట్టి తినివేయబడిన కారుకు పైన ఎంత మెరిసే రంగు పూసినా ఫలితం శూన్యం. ఇంజనును తిరిగి కట్టించవచ్చును. తుప్పు తిన్న శరీరాన్ని తిరిగి నిలబెట్టడం బహు వ్యయసాధ్యం.

మన రైతు సంతలో ఎద్దును ఎలా కొంటాడో గమనించండి. నోరు తెరచి పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, సుడులు చూస్తాడు, కాడి కట్టి నడిపించి చూస్తాడు. అమ్మేవాని మాటను చివర వింటాడు. పాత డీజిలు కారుకూ ఇటువంటి పరీక్షలు ఉన్నవి. పైన చెప్పిన ఇంజను నడుస్తూండగా నూనె పోసే మూతను విప్పి, తలక్రిందులుగా అక్కడే ఉంచుతారు. అది కొద్దిగా కదలాడితే మేలు. ఎగిరిపడితే సిలిండర్లు అరిగినవని అర్థం. బండిని అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచకుండ, చల్లని ఇంజనును మన ఎదుటనే మొదలుపెట్టించవలెను. మరమ్మతు రసీదులు అడగవలెను. రసీదులు లేని కారు పళ్ళు చూపని ఎద్దు వంటిది.

ఈ పరీక్షల అవసరాన్ని అర్థశాస్త్రం కూడ సమర్థిస్తున్నది. జార్జి అకెర్లాఫ్ అనే అమెరికన్ ఆచార్యుడు 1970లో ఒక వ్యాసం ప్రకటించాడు. అమెరికాలో లోపాలున్న కారును నిమ్మకాయ అంటారు; ఆ నిమ్మకాయల అంగడి గురించినదే ఆ వ్యాసం. అమ్మేవానికి కారు లోపం తెలుసు, కొనేవానికి తెలియదు. అందువల్ల కొనేవాడు అన్ని కార్లకూ తక్కువ ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు; అంగడిలో లోపాల కార్లే మిగులుతాయి. మన దేశపు ఋణ వ్యాపారాన్ని కూడ ఆయన అందులో ఉదాహరించాడు. 2001లో నోబెల్ బహుమతి పొందిన వారిలో ఆయన ఒకరు. ‘ఇంత మంచి కారు ఇంత చౌకగా ఎందుకు వస్తున్నది?’ అన్న ప్రశ్న వేసుకొనని యువకుడు ఈ వ్యాసంలోని కొనుగోలుదారుడే.

ఇదంతా మనకెందుకని ఎవరైనా ప్రశ్నించవచ్చు. మన పూర్వ విద్యార్థులలో కొందరు ఉన్నత విద్యకై అమెరికా వెళుతున్నారు. అక్కడి అనేక పట్టణాలలో కారు లేనిదే బియ్యం తెచ్చుకొనడం కూడ కష్టం కనుక పాత కారు కొనడం వారికి అనివార్యం. తండ్రి ఇల్లు కుదువపెట్టి తెచ్చిన సొమ్ముతో చదువుకొనేవాడు నమ్మదగిన సాధారణ కారు కొనవలెనే గాని, వన్నె తగ్గిన విలాసపు కారు జోలికి పోరాదు. ప్రమాదంలో దెబ్బతిని, బీమా కంపెనీ పనికిరాదని తేల్చిన కార్లను బాగుచేసి అమ్మడం అక్కడ ఉన్నది. వాటి యాజమాన్య పత్రంపై ‘సాల్వేజ్’ అన్న ముద్ర ఉంటుంది. ఆ పత్రం చూడకుండ, అమ్మేవానితో సంబంధం లేని మెకానిక్కుకు చూపకుండ డబ్బు చెల్లించరాదు.

ఇక స్వదేశం సంగతి. రాజధాని ఢిల్లీ ప్రాంతంలో పదేండ్లు దాటిన డీజిలు వాహనాలు తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించగా, 2018లో సుప్రీంకోర్టు దానిని బలపరచింది. 2025లో న్యాయస్థానం అమలులో కొంత సడలింపు ఇచ్చింది. ఏమైనా, ఆ భయంతో అక్కడ ధర పడిపోయిన ఖరీదైన డీజిలు కార్లు హైదరాబాదు వంటి నగరాలకు వస్తున్నవి. ధర విని ఆనందించేవారు నిరభ్యంతర పత్రం, పాత ఋణం తీరినట్లు బ్యాంకు ఇచ్చే కాగితం, ఇక్కడ మరల చెల్లించవలసిన జీవితకాల పన్ను – వీటిని లెక్కించడం లేదు. పైగా కొత్త తరం డీజిలు కార్లు 300 సి.డి. వలె మీటతో ఆగే సాదా యంత్రాలు కావు. వాటి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. బండి దూరప్రయాణం చేసి బాగా వేడెక్కినప్పుడే ఆ మసి కాలిపోతుంది. ఇంటినుండి బజారుకు, బజారునుండి ఇంటికి మాత్రమే తిరిగితే జల్లెడ పూడుకొనిపోతుంది. ముందుంది ముసళ్ళ పండుగ అన్నమాట కొన్న ఆరు నెలలకు బోధపడుతుంది.

పొగను గురించి కూడ ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో డీజిలు పొగను మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. కాలిఫోర్నియా రాష్ట్రం 1997 వరకు తయారైన డీజిలు కార్లను పొగ పరీక్షనుండి మినహాయించింది. చట్టం మినహాయించవచ్చును, వెనుక సైకిలుపై బడికి పోయే బాలుని ఊపిరితిత్తులు మినహాయించవు. నల్లని పొగ వదిలే కారును బాగుచేయించే స్తోమత లేనివానికి దానిని వీధిలో నడిపే అధికారం కూడ లేదని మా నిశ్చితాభిప్రాయం.

అట్లని పాత కార్లను ప్రేమించేవారిని మేము నిరసించడం లేదు. నలుబదేండ్ల నాటి యంత్రాన్ని తుక్కు కానీయక నడిపించుకొనడం ఒక విధమైన సంస్కారమే. ఇంటి అవసరాలు తీరి, రోజువారీ ప్రయాణానికి వేరొక సాధనం ఉండి, కొన్న ధరలో కనీసం మూడవ వంతు మరమ్మతులకు విడిగా దాచి, యంత్రం స్వభావాన్ని నేర్చుకొనే ఓపిక గలవాడు నిరభ్యంతరంగా కొనవచ్చును. అప్పు చేసి పప్పుకూడు తినదలచినవానికి మాత్రం అది తగదు. పులిని చూసి నక్క వాత పెట్టుకొన్న కథ అందరికీ తెలిసినదే.

చివరగా కమిటీ పెద్దలకు ఒక మనవి. మన పట్టణపు షెడ్లలో పనిచేసే మెకానిక్కులలో అనేకులు మన విద్యార్థుల తండ్రులు, అన్నలు, మామలు. శబ్దం విని ఇంజను రోగం చెప్పగల ఆ విద్యకు మన కళాశాలలో ఏ గౌరవమూ లేదు. తండ్రి చేతుల నల్లని మరకను చూసి సిగ్గుపడే కుమారుడే, ఆ చేతులు లేనిదే ఒక దినమైనా నడవని కారును చూసి మురిసిపోతున్నాడు. ఇంతకంటె విచారకరమైనది ఏమున్నది? సంవత్సరానికి కొన్ని శనివారాలు అటువంటి ఉస్తాదులను కళాశాలకు ఆహ్వానించి, వాహనాన్ని ఎలా పరీక్షించవలెనో, కాగితాలలో ఏమి చూడవలెనో విద్యార్థులకు చెప్పించవలసినదిగా కోరుతున్నాము. దానికి పెద్ద వ్యయం అక్కరలేదు. కొన్ని కుర్చీలు, ఒక పాత ఇంజను చాలును.

విద్యార్థి మిత్రులారా! సొమ్ము చెల్లించి సంతకం చేసిన నాడు కారు మీ పేరుకు వస్తుంది. దాని గుణదోషాలు తెలిసి, వేళకు నూనె మార్చి, వ్యాధిని ముదరనీయక చూసుకొన్న నాడు అది మీ స్వంతమవుతుంది. మొదటి పనికి డబ్బు చాలు. రెండవ పనికి విద్య కావలెను.