దమ్ము చేలలో దూరదేశపు పక్షులు

వలస పక్షులను చూడవలెనన్న తలంపు కలిగినప్పుడెల్ల మన విద్యార్థులు కోరంగికి ప్రయాణము కట్టుదురు. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన ఆ మడ అడవికి పోవలదని మేమనము. కాని అంతకు ముందు మన ద్రాక్షారామము పొలముగట్టున ఒక ఉదయము నిలిచి చూడవలెనని మా అభిప్రాయము.

సార్వా కోతలు ముగిసి దాళ్వాకు దమ్ము చేయు డిసెంబరు, జనవరి మాసములలో చేలయందు బురదమీద రెండు మూడు అంగుళముల నీరే నిలుచును. ట్రాక్టరు వెంట నడచు తెల్లకొంగలను అందరము చూతుము. వాటి కాళ్ళకడనే మట్టిరంగులో కలిసిపోయి, గోరువంకంత ఉల్లంకి పిట్టలు పురుగులను ఏరుకొనుచుండును. అవి మన కంటికి ఆనవు. కదలునది మట్టిబెడ్డ కాదని తెలియుటకు పావుగంట ఓపిక కావలెను. కంటిపై తెల్లని గీత, వీపుపై చుక్కలు, పసుపు కలిసిన కాళ్ళు, ఆగి ఆగి తోక ఊపుట: ఇవి వుడ్ సాండ్‌పైపర్ గుర్తులు. ఉత్తర ఐరోపా, సైబీరియాల చిత్తడి నేలలలో గుడ్లు పెట్టు ఈ పక్షి ఆగస్టు మొదలు మన దేశమునకు దిగివచ్చి, వేసవి ముదురులోపల మరలిపోవును. తీతువును చూచి, అదియే వలసపక్షి యని మాతో వాదించిన మిత్రులున్నారు. తీతువు మన ఊరిదే. ఇచ్చటనే గుడ్లు పెట్టును.

నాట్లు పడి పైరు దుబ్బు కట్టగానే ఉల్లంకులు ఆ చేను విడిచి వేరొకచోట బురద వెదకుకొనును. కావున వాటిని వెదకువారు మొదట కాలువ నీరు ఏ చేనికి ఎప్పుడు ఎక్కునో తెలిసికొనవలెను. ఈ కిటుకు మాకు నేర్పినది పుస్తకములు కావు, నాట్లు వేయు స్త్రీలు. (నారుమడి త్రొక్కి రైతుచేత చీవాట్లు తిన్నవారిలో మేమును ఉన్నాము.)

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప వరికొరకు పారించిన నీరే ఈ పక్షులకును పనికివచ్చినది. 1990 తరువాత డెల్టాలో ఎన్నో వరిచేలు చేపల, రొయ్యల చెరువులైనవి. అప్పులు తీరు దారి వెదకుకొన్న రైతును నిందించుటకు మేమెవరము? అయినను, లోతునీటిలో పొట్టికాళ్ళ పక్షి నిలువలేదు. ఏ చేలలో ఏ పిట్టలు దిగెడివో మన కళాశాలలో వ్రాసియుంచినవారు లేరు గనుక, పోయినదెంతయో మనము చెప్పజాలము.

కళాశాల సంఘమువారు విహారయాత్ర సొమ్ములో కొంత ఒక బైనాక్యులరుకు, ఒక రిజిస్టరుకు కేటాయింపగోరుచున్నాము. తేది, చేను, నీటిలోతు, కనబడిన పిట్టలు వ్రాసిన చాలును. పేరు తెలియనిచో కాళ్ళ రంగైనను వ్రాయవచ్చును. ఏమియు కనబడనినాడు "లేవు" అనియు తప్పక వ్రాయవలెను. వచ్చు దాళ్వాకు మడులు తడియు లోపలనే ఆ రిజిస్టరు గ్రంథాలయపు బల్లపై ఉండవలెను.