‘కాబోలు’ను చెరిపివేస్తే



మొన్న నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. బిడ్డను పోగొట్టుకున్నవాడు. “మాస్టారూ, క్వాంటం బంధం ద్వారా పోయినవారి మనస్సుతో మాట్లాడవచ్చునట. శాస్త్రజ్ఞులే తేల్చారట” అన్నాడు. అలా చెప్పినవారు రుసుము కూడా అడిగారట. ఆ మాట విన్న బాధతోనే ఈ టపా.

ఇంతకూ శాస్త్రజ్ఞులు తేల్చినదేమిటి? చైతన్యం గణనయంత్రపు లెక్కలకు లొంగదనీ, దాని మూలం క్వాంటం భౌతికంలో ఉండవచ్చుననీ 1989లో రోజర్ పెన్‌రోజ్ ఊహించాడు. మత్తువైద్యుడు స్టూవర్ట్ హామెరాఫ్ ఆ ఊహకు నాడీకణాలలోని సూక్ష్మనాళికలను ఆశ్రయంగా చూపాడు. వెచ్చని మెదడులో అట్టి స్థితి సెకనులో పదిలక్షల కోట్లవ వంతుకు మించి నిలువదని 2000లో మాక్స్ టెగ్‌మార్క్ లెక్కగట్టాడు. నాడీకణం స్పందించడానికి సెకనులో వెయ్యవ వంతు కావాలి! హామెరాఫ్ పక్షం ఆ లెక్కను ఖండించింది. వాదం నేటికీ తెగలేదు.

బడిలో ఉత్ప్రేక్షాలంకారం చెప్పేటప్పుడు ‘కాబోలు’ అనే పదాన్ని గుర్తుపట్టమనేవాణ్ణి. పెన్‌రోజ్ వాక్యంలో ఆ ‘కాబోలు’ ఉంది. దాన్ని చెరిపివేసి, ఊహను సిద్ధాంతంగా అమ్ముకోవడమే నేటి వ్యాపారం.

పైగా వారు చూపే ఆధారమే వారికి ఎదురు తిరుగుతుంది. బంధంలో ఉన్న రెండు కణాల కొలతల నడుమ పొంతన ఉంటుంది, నిజమే. కాని కేవలం ఆ పొంతనతో ఒక్క అక్షరమైనా ఆవలికి పంపలేమని క్వాంటం సిద్ధాంతమే చెబుతోంది. సందేశమే మోయలేని బంధం, పరలోక సంభాషణను మోస్తుందా?

“నోబెల్ గ్రహీత జోసెఫ్‌సన్ టెలిపతిని సమర్థించాడు కదా” అంటారు. అవును. 2001లో బ్రిటిష్ తపాలాశాఖ వారి పుస్తికలో అట్టి ఆశను వ్రాశాడు. తోటి భౌతికవేత్తలే ఆక్షేపించారు. ఆయనకు 1973లో బహుమతి వచ్చింది అతివాహకాల పరిశోధనకు, టెలిపతికి కాదు. ఒక విషయంలో ఆప్తుడైనవాడు అన్నింటా ఆప్తుడు కాడు.

చైతన్యం తెలియనిది, క్వాంటం అర్థం కానిది. కనుక రెండూ ఒకటే అనడం తర్కం కాదు. రెండు చీకట్లను కలిపితే దీపం వెలగదు.

విభేదించేవారు ప్రమాణంతో రండి, వింటాను. నా శిష్యునికి మాత్రం ఆ రుసుము కట్టవద్దని చెప్పి, బిడ్డ సంగతులు చెప్పమన్నాను. చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నాడు.