ఆటల పరీక్ష: బాతు చదరంగము

చదరంగపు బల్లమీద రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుఱ్ఱము, బంటు అను ఆఱింటికి తోడు ఏడవదానికి చోటు కలదా యని ఒక సోదరీమణి మమ్ము అడిగియున్నారు. సెలవులలో వారి పిల్లలు బల్ల నడుమ నొక రబ్బరు బాతును పెట్టి యాడుచున్నారట. "ఇది యాటయా, ఉన్న యాటను చెఱచుటయా? మీరు పరీక్షించి చెప్పుడు" అని వారి కోరిక. మాటవరుసకు బదులు చెప్పుట మాకిష్టము లేక, రెండు మాసములు మా యింట దీని నాడి, ఆడించి, ప్రక్కన గూర్చుండి చూచి, ఇప్పుడు వ్రాయుచున్నాము.

దీని పేరు బాతు చదరంగము. 2016వ సంవత్సరమున టిమ్ పాల్డెన్ అనువారు దీనిని కల్పించిరి. బొమ్మల వర్తకులు లాభమునకై చేయించినది కాదు. చదరంగమున మక్కువ గలవా రొకరు ఉన్న యాటకు చేసిన మార్పు. 2022లో చెస్.కామ్ వారు తమ యాటలలో దీనికి చోటిచ్చిన పిమ్మట చేతిఫోనులలోనికి వచ్చి, పిల్లలకు తెలిసినది. అభిమానులు చేసెడి యాటలకు సాధారణముగా నొక జబ్బు కలదు. ఒక క్రొత్త బలము, రెండు క్రొత్త నడకలు, పెద్ద బల్ల, ఇట్లు ప్రేమకొలదియు కలుపుచు బోయి, తుదకు నియమములు జ్ఞాపకముంచుకొనుటయే ఆటయగును. వంటలో చేయి తిరుగనివారు పోపులో అన్ని దినుసులును వేసినట్లు. ఈయన ఒక్కటియే కలిపెను. అందులకే మేము దీనిని పరీక్షకు తీసికొంటిమి.

నియమము లివి. బలములు ఎప్పటివలెనే నిలుచును, ఎప్పటివలెనే నడచును. ప్రతివారును తమ వంతున రెండు పనులు చేయవలయును. మొదట తమ బలములలో నొకదానిని నడపవలయు. పిదప బాతును తీసి ఖాళీగా నున్న మఱియొక గడిలో పెట్టవలయు. ఆరంభమున బాతు బల్లకు వెలుపల నుండును; తెల్లబలమువారు తొలి యెత్తు వేసి దానిని లోనికి తెత్తురు. అది మొదలు ప్రతి వంతునను బాతు కదలి తీరవలయును. అది యున్న గడిలో ఏ బలమును నిలువరాదు, దానిని చంపరాదు, దాని మీదుగా పోరాదు. గుఱ్ఱము మాత్రము తన యలవాటు చొప్పున దాటిపోవును. రాజునకు షా చెప్పుట, ఆటకట్టు అనునవి ఇందు లేవు. ఎదుటి రాజును చంపినవారిదే గెలుపు. ఎవరికైన నడుపుటకు ఎత్తే లేకపోయెనా, గెలుపు అట్టివారిదే యగును. ఇంతే.

ఒక క్రొత్త నిబంధనపై కట్టిన దేనినైనను మేము ఒక్క ప్రశ్నతో తూచుదుము: ఆ నిబంధన పనిచేయుచున్నదా, ఊరక కూర్చున్నదా? దండి దశకుమారచరితమున మంత్రగుప్తుడు తన కథ నంతయు ఓష్ఠ్యాక్షరములు లేకుండ చెప్పును. ఏలయన, ప్రియురాలి దంతక్షతమువలన అతని పెదవి నొచ్చియున్నది, పెదవులు కలుపజాలడు. అచ్చట నిబంధనకు కథలోనే కారణము కలదు. కారణము లేకయే వ్రాసిన నిరోష్ఠ్యములును కలవు. వానిని చూచినపుడు పాండిత్యమునకు నమస్కరించి పుస్తకము మూయుదుము. ఈ లెక్కకు బాతు నిలుచునా? చతురంగబలములు మోహరించిన రణరంగమున బాతేల? కారణము వెదకిన దొరకదు. కల్పించినవారు నవ్వుటకే దానిని ఎన్నుకొనిరని తోచుచున్నది.

కాని బాతునకు చుట్టము మన సాహిత్యమున వేఱొకచోట కలదు. అవధానసభకు పోయిన సోదరీమణులు నిషిద్ధాక్షరిని చూచియుందురు. అవధానిగారు ఒక్కొక్క యక్షరమే చెప్పుచు పద్యము నల్లుచుండగా, పృచ్ఛకులు ఆయన తరువాత చెప్పబోవు అక్షర మేదియో ఊహించి దానినే నిషేధింతురు. ఆయన మఱియొక యక్షరము చెప్పి త్రోవ మార్చుకొనును. దాని వెనుకటి యక్షరము మరల నిషేధమునకు వచ్చును. పృచ్ఛకులు పద్యము తెలియనివారైనచో ఏదో యొక యక్షరమును కాదందురు, అవధానిగారి కది అడ్డే కాదు. పద్యము తెలిసినవారైనచో సరిగా గొంతుమీదనే చేయి వేయుదురు. బాతు పని ఇదియే. ఆటగాడు తన వంతున అవధానియు తానే, పృచ్ఛకుడును తానే. తన యెత్తు తాను వేసి, ఎదుటివాని హృదయములో దూరి, అతడు మిక్కిలి కోరుకొను గడి యేదియో కనిపెట్టి, అచ్చట బాతును కూర్చుండబెట్టవలయును.

క్రొత్తగా నేర్చినవారు బాతును తమ రాజునకు గొడుగుగా మాత్రమే పట్టుదురు. ఎదుటి ఏనుగు దూరమునుండి మన రాజును గుఱిచూచుచున్నచో బాతును నడుమ పెట్టిన చాలును, ఆ వంతున అది కొట్టజాలదు. ఇది పసివారికిని తెలియును. దానికంటె లోతైనది మఱియొకటి కలదు. మన శకటుతో ఎదుటి బంటును చంపితిమనుకొందము. ఆ బంటునకు దూరమునుండి వారి ఏనుగు కాపున్నది. మామూలు చదరంగమున మన శకటు వెంటనే చచ్చును. ఇచ్చట చంపిన వెంటనే ఆ ఏనుగు దారిలో బాతును దింపితిమా, మాఱుదెబ్బ లేదు. అనగా దూరమునుండి కాచుచున్న కాపు నమ్మదగినది కాదు. ప్రక్కగడినుండి బంటు కాచినదే కాపు, ఏలయన నడుమ బాతు దూరుటకు సందుండదు. గుఱ్ఱము కాపును నమ్మదగినదే. ఈ యొక్క మార్పుతో బలముల విలువలన్నియు తలక్రిందులగుచున్నవి. రాజునకు ప్రక్కనే నిలిచిన మంత్రినిగాని, మీదికి లంఘించు గుఱ్ఱమునుగాని బాతు ఆపజాలదు.

ఇట్లని బాతు సర్వశక్తిగలదియు కాదు. ఎదుటివారి బంటు ఒకటి చివరి వరుసకు ముందు వరుసలో నిలిచి మంత్రి కాబోవుచున్నదనుడు. దాని యెదుట బాతును పెట్టుదుము. వారు మఱియొక బలమును నడపి బాతును తీసివేయుదురు. మన వంతున మరల అచ్చటనే పెట్టుదుము. ఒంటి బంటు నిట్లు ఎన్ని వంతులైన నిలుపవచ్చును. అట్టి బంట్లు రెండున్నచో? ఒక్క బాతు రెండు వాకిండ్లు కావజాలదు. కావున గెలువ నెంచినవాడు ఎల్లప్పుడును రెండు ప్రమాదములను ఒక్కమాఱే కల్పింప యత్నించును. ఆటలోని సారమంతయు ఇందే యున్నదని మా యభిప్రాయము.

నడుపుటకు ఎత్తు లేనివారిదే గెలుపను నియమము మొదట వింతగా నుండును. మామూలు చదరంగమున అది సరిసమానపు ముగింపు. ఇచ్చట బాతును పెట్టి ఎదుటివారి ఊపిరి బిగించుట సుళువు. అట్టి బిగింపుతోనే గెలుపు దొరకినచో ఆట కాస్త గొంతు నులుముటయగును. బిగించినవానికే ఓటమి విధించుట మాకు న్యాయముగానే తోచినది.

ఇక మా యింటి సంగతి. మా కుమారుడు పదునాలుగేండ్లవాడు. చదరంగము నేర్పెడి తరగతికి మూడేండ్లుగా పోవుచున్నాడు. కుమార్తె పండ్రెండేండ్లది, పోవుట లేదు. కొడుకును పంపి కూతురిని పంపకుండుట చాల యిండ్లలో నున్నదే. చీకటి పడును, దూరము, రుసుము, ఇట్లు కారణములు సిద్ధముగా నుండును. ఏడాది క్రిందట అమ్మాయి అన్నతో ఆడుట మానివేసినది. "వాడు ఆడుట లేదమ్మా, అప్పజెప్పుచున్నాడు" అని బల్ల మూసి లేచినది. అది నిజము. తరగతిలో వల్లించిన పది పండ్రెండు ఎత్తులు వాడు రెప్పవేయకుండ వేయును. అంతలో దీని బలము సగము పోవును.

బాతు వచ్చిన తరువాత ఆ వల్లెవేత నిలిచిపోయినది. కారణము లెక్కలోనే యున్నది. మామూలు చదరంగమున తొలి యెత్తు వేయుటకు ఇరువది విధము లున్నవి. ఏ యెత్తు వేసినను ఖాళీగడులు ముప్పదిరెండు మిగులును. బాతు వానిలో దేనిలోనైన నిలువవచ్చును. అనగా తొలివంతుననే 640 విధములు. దేనిని వల్లించును? మొదటి వారమున ఇద్దరును పదునొకండు ఆటలాడిరి. ఆఱు అమ్మాయివి. "బాతువలన గెలిచితివి" అని వాడనగా, "బాతు ఇద్దరిది గదా" అని అది బదులు చెప్పినది. మాస్టరుగారు పత్రిక చాటున నవ్వుకొనిరి.

అయితే రెండవ మాసమున లెక్క మాఱినది. వాడును బాతు నడక నేర్చెను, గెలుపులు వానివైపు మొగ్గినవి. శిక్షణ శిక్షణయే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరు అయినది. 2019లోను 2024లోను ప్రపంచ మహిళా రాపిడ్ విజేతగా నిలిచినది. ఆమెకు తండ్రిగారే తొలిగురువు, సాధన బాల్యమునుండి. బల్లమీద బాతును పెట్టినంతనే అట్టి సాధన లోటు తీరునని ఎవ్వరును భ్రమపడనక్కఱలేదు. బాతు చేసినదేమన, అమ్మాయిని మరల బల్లయొద్దకు తెచ్చినది. ఇప్పుడది తననుకూడ తరగతికి పంపుమని అడుగుచున్నది. మాస్టరుగారు చీకటి సంగతి ఎత్తిరి. వచ్చు నెలనుండి ఇద్దరిని కలిపి పంపుటకు మేము నిశ్చయించితిమి. అన్న వచ్చుచున్నాడు గదా, ఆ చీకటి వానికిని చీకటియే.

వల్లెవేతను ఓడించుటకు మఱికొందరును ప్రయత్నించిరి. 1996లో బాబీ ఫిషరు బలముల వెనుక వరుసను కలగలుపు పద్ధతిని ప్రకటించెను. దానిలో ఆరంభములు 960. అది గంభీరమైన యాట, గొప్పవారు ఆడుచున్నారు. కాని ఒకమాఱు కలిపి పెట్టిన వెనుక మిగిలిన దంతయు పాత చదరంగమే. బాతు తుదివఱకు తొలగదు. 1899లో హెన్రీ మైఖేల్ టెంపుల్ కల్పించిన క్రీగ్‌ష్పీల్ అనుదానిలో ఎదుటివారి బలములు కంటికే కనబడవు. మధ్యస్థుడు లేనిదే సాగదు. వంటయు ముగించి, పిల్లల చదువును చూచిన వెనుక మధ్యస్థురాలుగా కూర్చుండుటకు ఇంట నెవరికి తీరిక?

దోషములు లేకపోలేదు. ఒకటి, ఆట సాగదీయును. ప్రతి వంతున రెండు యోచనలు. ఆలోచనాపరులు ఇద్దరు కూర్చున్నచో అన్నము చల్లారును. రెండవది మాకు ఎక్కువ నచ్చనిది. షా లేదు. మామూలు చదరంగమున రాజునకు ఆపద వచ్చినపుడు ఎదుటివారే హెచ్చరింతురు. రాజు చావడు, కదలలేని స్థితికి వచ్చును, ఆట ముగియును. యుద్ధమును ఆటగా మలచినవారి సంస్కార మది. ఇచ్చట పరాకున నున్న రాజు చటుక్కున చచ్చును. ఎనిమిదేండ్ల పిల్లలకు ఇది ఏడుపుతో ముగియుట మేము చూచితిమి. తక్కువవయసువారితో ఆడునపుడు "రాజును చూచుకొనుము" అని హెచ్చరించు మర్యాదను మా యింట ఏర్పఱచుకొన్నాము. అసలు నియమములలో అది లేదు, మీ యిష్టము.

మామూలు చదరంగము రానివారికి మొదటనే దీనిని నేర్పుట తగదు. బలముల నడక కాలికి తెలిసినట్లు తెలిసిన వెనుకనే బాతు రుచించును; పద్యపు నడక రానివానికి నిషిద్ధాక్షరి యేమి రుచించును? తెలిసినవారు నిస్సంశయముగా ఆడవచ్చును. వారమున రెండు సాయంకాలములు చాలును. ఆ సోదరీమణి పిల్లలు ఉన్న యాటను చెఱచుట లేదు.

ఇందులకై రబ్బరు బాతును కొనవలసిన పని లేదు. మేము ఎండిన వక్క నొకదానిని వాడితిమి. గవ్వయైన మేలు, బల్ల కదలినను దొర్లదు. ఫోనులో ఆడినచో బాతును కదల్చనిదే వంతు ముగియదు. బల్లమీద మాత్రము ఎత్తు వేసిన సంబరమున వక్కను మఱచుట తఱచు. అట్లు మఱచినవారిని ఎదుటివారు ఒకమాఱు జ్ఞాపకము చేయుట, రెండవమాఱు మఱచినచో వక్కను ఎదుటివారే తమకిష్టమైన గడిలో పెట్టుట, ఇది మా యింటి ఏర్పాటు. ఇట్లు చేసిన రెండవ దినమునుండి ఎవ్వరును మఱువలేదు.