మిర్చి గోడౌనులో అమెరికా గంట ఎందుకు?

మోడల్ రైళ్లు కట్టుకునేవాళ్లలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. పెట్టెలు, పట్టాలు, స్టేషను, చెట్టూ చేమా కొలత తప్పకూడదు; చప్పుడు మాత్రం బొమ్మతోపాటు ఏదొస్తే అది చాలట. విదేశీ గోడౌను బొమ్మను గుంటూరు మిర్చి గోడౌనుగా మార్చాలని నెలల తరబడి తంటాలు పడతారు. రేకుల కప్పుకు తుప్పు రంగు దిద్దుతారు, గోడమీద తెలుగులో పేరు రాస్తారు. తీరా మీట నొక్కితే అందులోంచి అమెరికా క్రాసింగు గంట, ఆపైన 'ఆల్ అబోర్డ్' అనే కేక. అదేమంటే "వినేవాళ్లకేం తెలుస్తుంది?" అంటారు. ఎందుకు తెలియదు? ఈ నేలమీద పెరిగిన ఏ చెవికైనా తెలుస్తుంది.

జిన్నింగు మిల్లు సంగతే చూడండి. అమెరికాలో పత్తిని ఎక్కువగా రంపపు చక్రాల జిన్నులు ఒలుస్తాయి. అక్కడ వినిపించేది ఒకటే హోరు. మన మిల్లుల్లో ఎక్కువగా ఉండేవి డబుల్ రోలర్ జిన్నులు. రోలర్లు దూదిని పట్టి లాగుతుంటే, ఆడే కత్తి గింజను కొట్టి వేరుచేస్తుంది. ఆ చప్పుడులో దెబ్బ ఉంటుంది. మిషన్లు వరసగా నడుస్తున్నప్పుడు ఆ దెబ్బలు ఒకదానిమీదొకటి పడి ఆవరణంతా అదురుతుంది. రంపపు జిన్ను హోరు తెచ్చి చిలకలూరిపేట మిల్లు బొమ్మలో పెడితే, గోడకు ఎంత మంచి సున్నం వేసినా అది మన మిల్లు కాదు.

రైలు కూత కూడా అంతే. లెవెల్ క్రాసింగు దగ్గర అమెరికా ఇంజను రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడుగు కూత వేస్తుంది. మన డ్రైవరు విజిల్ బోర్డు కనబడగానే సాగదీసి ఒకటే కూత వేస్తాడు. మన గార్డు 'ఆల్ అబోర్డ్' అనడు, ఈల ఊది పచ్చజెండా ఊపుతాడు. పాతకాలపు స్టేషనైతే వేలాడదీసిన పట్టా ముక్కను కొట్టిన మోత ఉండాలి.

ఇక మిర్చి గోడౌను. అక్కడ అసలు చప్పుడు మనుషుల దగ్గు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించే ముఠా కూలీలు ముక్కుకు తువ్వాలు బిగించుకున్నా ఘాటు ఆగదు. తొడిమలు తీసే ఆడవాళ్లు ఒకరి తరవాత ఒకరు తుమ్ముతారు. వాళ్ల ఊపిరి మీదుగానే మన మిర్చి దేశదేశాలకు పోతోంది. ఆ దగ్గు తీసేసి మోటారు రొద మాత్రమే వినిపిస్తే, ఆ పని చేసే మనిషిని బొమ్మలోంచి తుడిచేసినట్టే. అందుకే దీన్ని నేను అలంకారం కింద వదిలేయలేను.

బిగ్గరగా ఉంటేనే అసలుదిలా ఉంటుందనేది ఇంకో అపోహ. హెచ్‌వో కొలతలో బొమ్మ అసలుదానికి 87వ వంతు. మీటరు దూరంలో నిలబడ్డవాడు నిజంగా 87 మీటర్ల అవతల ఉన్నట్టు లెక్క. అంత దూరానికి దగ్గు ఆనదు, మిల్లు దెబ్బ మాత్రం మెత్తగా అందుతుంది. అడుగు దూరానికి వంగితే సుమారు 26 మీటర్లు. అప్పుడు దగ్గు వినపడాలి. శబ్దాన్ని ఆ లెక్కన తగ్గించాలి. కీచుదనం కూడా కాస్త తీసేయాలి.

"ఇదంతా ఇంజనీర్ల పని" అనేవాళ్లకు జవాబు: కాదు. డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే చిన్న బోర్డు కొద్ది ఖర్చులోనే దొరుకుతుంది. మైక్రో ఎస్డీ కార్డులో పెట్టిన ఎంపీ3 ఫైళ్లు పాడుతుంది, చిన్న స్పీకరును తనే నడుపుతుంది. స్పీకరు వెనకవైపు డబ్బాలా మూసేయాలి, లేకపోతే శబ్దం పీలగా వస్తుంది. ఒక బోర్డు ఒకసారికి ఒక ఫైలే పాడుతుంది కాబట్టి రొదకు ఒకటి, దగ్గులకు ఒకటి పెట్టుకోండి. దగ్గుల మధ్య ఎడం ఒకేలా ఉండకూడదు. సరిగ్గా అర నిమిషానికొకసారి దగ్గే కూలీ ఏ గోడౌనులోనూ ఉండడు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మరొకటి. గుంటూరు–మాచర్ల లైను, వినుకొండ, దొనకొండ, మార్కాపురం మీదుగా గుంతకల్లు పోయే లైను 1990ల్లో మీటర్ గేజి నుంచి బ్రాడ్ గేజికి మారాయి. వైపీ, వైజీ ఆవిరి ఇంజన్ల ఫొటోలు ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి. మన స్టేషన్లలో అవి చేసిన చప్పుడు దొరకడం గగనం. ఫొటో తీసినవాళ్లు కూడా చప్పుడుకేముందిలే అనుకున్నారు. ఇప్పుడు మన మోడలర్లు చెబుతున్నదీ ఆ మాటే.

మీ ఇంట్లో పాత క్యాసెట్లుంటే పారేసేముందు ఒకసారి వినండి. ఎవరి పెళ్లి రికార్డింగులోనో వెనకాల మీటర్ గేజి కూత ఉండొచ్చు. రాబోయే మిర్చి సీజనులో, పత్తి సీజనులో సెల్‌ఫోను పట్టుకుని యార్డుకు, మిల్లుకు వెళ్లండి. అక్కడివాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. తేదీ, ఊరు రాసి దాచండి. మీరు మోడల్ రైలు కట్టకపోయినా సరే, కట్టేవాళ్లకు అది కావాలి.