ఆటోక్యాడ్‌కి ఏ ల్యాప్‌టాప్ కొనాలి? ముందు మీ ఫైల్ సంగతి చూడండి

"అన్నా, ఆటోక్యాడ్ నేర్చుకుంటున్నా. బడ్జెట్ 80 వేలు. గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నదే తీసుకోవాలా?"

సివిల్, ఆర్కిటెక్చర్ చదివే జూనియర్లు, సొంతింటి ప్లాన్ తామే గీసి చూద్దామనుకునే ఫ్రెండ్స్ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, ఆర్కిటెక్ట్‌ని కాదు. కానీ ఊళ్లో మా ఇంటి ప్లాన్ గీసిన అనుభవం ఒకటుంది. అందులో తిన్న దెబ్బ కూడా ఉంది. ఆ అనుభవంతో చెప్తున్నా: 2డీ డ్రాఫ్టింగ్ చేసేవాళ్లలో చాలామందికి కొత్త ల్యాప్‌టాప్ అవసరం లేదు, కొత్త అలవాట్లు కావాలి.

ల్యాప్‌టాప్ ముచ్చట త్వరగా తేల్చేద్దాం. ఆటోక్యాడ్ మొదటి వెర్షన్ వచ్చింది 1982 డిసెంబర్‌లో. గీతలు గీయడానికి గేమింగ్ కార్డ్ అక్కర్లేదని అప్పటి నుంచీ తెలిసిందే. ఇప్పటికీ అందులో చాలా పనులు ప్రాసెసర్‌లో ఒకే కోర్ మీద నడుస్తాయి. అందుకే 2డీ పనికి కోర్లు ఎన్ని ఉన్నాయన్నదాని కంటే ఒక్కో కోర్ ఎంత స్పీడ్ అన్నది ముఖ్యం. 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, మంచి స్క్రీన్ ఉంటే ఇంటి ప్లాన్లు హాయిగా గీసుకోవచ్చు. రెవిట్‌లో పెద్ద బిల్డింగ్ మోడల్ చేస్తారా, లూమియన్‌లో రెండర్లు తీస్తారా, అప్పుడు గ్రాఫిక్స్ కార్డ్ మీద డబ్బులు పెట్టండి. లేకపోతే ఆ డబ్బులో కొంత పెట్టి స్క్రోల్ వీల్ బాగా తిరిగే మౌస్ ఒకటి, 24 అంగుళాల మానిటర్ ఒకటి కొనుక్కోండి. టచ్‌ప్యాడ్ మీద ఆటోక్యాడ్ నేర్చుకోవాలనుకోవడం అంత నరకం ఇంకోటి లేదు.

ఇక నా దెబ్బ సంగతి.

ఒక్క అడుగు ఎటు పోయింది?

మా స్థలం 150 గజాలు. 27 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు. పక్కల వదిలేది పోను ఇల్లు గోడ బయటి నుంచి బయటికి 23 అడుగులు. ఒకచోట అడ్డంగా కోస్తే హాలు 11 అడుగుల 9 అంగుళాలు, వంటగది 9 అడుగులు, మూడు గోడలు ఒక్కోటి 9 అంగుళాలు. కూడితే సరిగ్గా 23.

ముగ్గు పోయడానికి ముందు రోజు రాత్రి నాన్న ఫోన్ చేసి, "అమ్మ వంటగది పదడుగులన్నా ఉండాలంటోంది, మార్చి పంపించరా" అన్నారు. నాకు మర్నాడు పొద్దున ఆఫీసులో రిలీజ్ ఉంది. గోడ జరిపితే హాలు మారుతుంది, తలుపు మారుతుంది, కొలతలన్నీ మళ్లీ చూసుకోవాలి. నేనేం చేశానంటే, 9 అడుగులు అని చూపిస్తున్న డైమెన్షన్ మీద డబుల్ క్లిక్ చేసి 10 అని టైప్ చేశాను. గీత అక్కడే ఉంది, అంకె మాత్రం మారింది. పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపేసి పడుకున్నా.

పొద్దున్నే మేస్త్రీ ఫోన్. "బాబూ, లోపలి కొలతలు కూడితే 24 వస్తోంది. బయట 23 అని రాశావు. ఆ ఒక్క అడుగు ఎటు పోయింది?"

ఆయన దగ్గర ఉన్నవి టేపు, దారం, పెన్ను. నా దగ్గర ఉన్నది ల్యాప్‌టాప్, బీటెక్. తప్పు పట్టుకున్నది ఆయన. గుంతలు తవ్వకముందే తెలిసింది కాబట్టి ఒక రోజు కూలీలతో పోయింది. కానీ పది మంది ముందు నాన్న, "మా వాడే గీశాడు" అని చెప్పుకున్న కాసేపటికే ఈ ఫోన్ వచ్చింది. అది మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత నాకు అర్థమైంది ఒక్కటే. ఆటోక్యాడ్‌లో మనం బొమ్మ గీయట్లేదు, డేటా ఎంటర్ చేస్తున్నాం. ప్రతి గీతకీ నిజమైన పొడవు ఉంటుంది. ఆ పొడవుని నమ్మి ఇంకెవరో ఇటుకలు పేరుస్తారు. కింద చెప్పే టిప్స్ అన్నీ ఈ ఒక్క మాట నుంచి వచ్చినవే.

1. డైమెన్షన్ అంకెని చేత్తో మార్చొద్దు

డైమెన్షన్ అనేది గీత పొడవుని చదివి చెప్పాలి. మీరు టైప్ చేసిన మరుక్షణం అది అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. కొలత మారాలంటే గోడే జరపండి. స్ట్రెచ్ కమాండ్ ఉన్నది ఇందుకే: కుడి నుంచి ఎడమకి సెలెక్షన్ లాగి, గోడని అడుగు జరిపితే దానికి ఆనుకున్న గీతలన్నీ వస్తాయి, డైమెన్షన్ కూడా తనంతట తనే మారుతుంది. నేను తప్పించుకుందామనుకున్న పనికి పట్టేది పది నిమిషాలు.

అంకె పక్కన ఏదైనా మాట రాయాల్సి వస్తే టెక్స్ట్‌లో <> అనే గుర్తు ఉంచి దాని పక్కన రాయండి. ఆ గుర్తు ఉన్నచోట అసలు కొలతే కనిపిస్తుంది. ఎవరో ఇచ్చిన ఫైల్‌లో అనుమానం వస్తే డైమెన్షన్ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ చూడండి. అది ఖాళీగా లేదంటే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

2. మొదటి గీతకి ముందే యూనిట్స్

మన దగ్గర స్థలం గజాల్లో, ఇల్లు అడుగుల్లో, స్టీలు మిల్లీమీటర్లలో, అనుమతి కాగితాలు మీటర్లలో. ఇన్ని కొలతల మధ్య యూనిట్స్ సెట్ చేయకుండా మొదలుపెడితే గొడవ ఖాయం. అడుగుల్లో గీస్తే ఆర్కిటెక్చరల్ యూనిట్స్ పెట్టండి. అప్పుడు ఒక యూనిట్ అంటే ఒక అంగుళం. ఉత్తి 10 అని కొడితే పది అంగుళాలు వస్తుంది, పది అడుగులు కావాలంటే 10' అని కొట్టాలి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.

అదే యూనిట్స్ బాక్స్‌లో ఇన్సర్షన్ స్కేల్ అని ఇంకోటి ఉంటుంది. దాన్ని వదిలేస్తే, మిల్లీమీటర్లలో గీసిన తలుపు బ్లాక్‌ని అంగుళాల ఫైల్‌లోకి తెచ్చినప్పుడు అది 25.4 రెట్లు పెద్దదై ఇల్లంతా కమ్మేస్తుంది. అలా జరిగితే అందాజాగా చిన్నది చేయకండి. యూనిట్స్ సరిచేసి మళ్లీ ఇన్సర్ట్ చేయండి.

3. గీసేది అసలు సైజులో, చిన్నది చేసేది షీట్ మీద

మోడల్ స్పేస్‌లో 27 అడుగులంటే 27 అడుగులే గీయండి. స్కేల్ సంగతి లేఅవుట్‌లో వ్యూపోర్ట్ చూసుకుంటుంది. మా స్థలాన్నే తీసుకుంటే 50 అడుగులు అంటే సుమారు 15.24 మీటర్లు. 1:50 స్కేల్‌లో అది కాగితం మీద దాదాపు 305 మిల్లీమీటర్లు. ఏ3 షీట్ పొడవు 420 కాబట్టి చక్కగా పడుతుంది. ఏ4 మీదే కావాలంటే 1:100 పెట్టుకోవాలి. స్కేల్ సెట్ చేశాక వ్యూపోర్ట్‌ని లాక్ చేయండి. లేకపోతే మౌస్ వీల్ ఒక్కసారి తిరిగినా స్కేల్ గల్లంతే.

ఇంత చేశాక కూడా జిరాక్స్ షాపులో కథ మారిపోవచ్చు. ప్రింట్ బాక్స్‌లో ఫిట్ అని ఉంటే పీడీఎఫ్ కాస్త కుంచించుకుని వస్తుంది. కాగితం మీద స్కేలు పెట్టి కొలిచేవాళ్లకి అన్నీ తప్పు కొలతలే. యాక్చువల్ సైజ్ పెట్టమని అడగండి. షీట్ మీద ఒక స్కేల్ బార్ కూడా గీసి ఉంచితే, ప్రింట్ సరిగ్గా వచ్చిందో లేదో ఎవరైనా సరే అక్కడే చూసుకోవచ్చు.

4. లేయర్లు, బ్లాకులు: కోడ్ రాసేవాళ్లకి ఇవి కొత్తేం కాదు

వేరియబుల్స్‌కి ఏ, బీ, సీ అని పేర్లు పెట్టినవాడి కోడ్ చూస్తే ఎంత చిరాకో, అన్నీ ఒకే లేయర్ మీద గీసిన డ్రాయింగ్ చూసినా అంతే. గోడలు, తలుపులు, కాలమ్స్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్, కొలతలు వేరువేరు లేయర్ల మీద ఉంచండి. రంగు, గీత మందం లేయర్‌కే ఇవ్వండి, ఒక్కో గీతకి విడిగా ఇవ్వకండి. ఎలక్ట్రీషియన్‌కి కాలమ్ వివరాలు అక్కర్లేదు. లేయర్ ఆఫ్ చేసి ప్రింటిస్తే చాలు, ఇంకో ఫైల్ చేసుకోవాల్సిన పని లేదు.

బ్లాక్ అంటే ఫంక్షన్ లాంటిది. కిటికీని ఒకసారి బ్లాక్‌గా చేసి పన్నెండు చోట్ల వాడితే, రేపు డిజైన్ మారినప్పుడు ఒక్కచోట ఎడిట్ చేస్తే పన్నెండూ మారతాయి. కాపీ పేస్ట్ చేసుకుంటూ పోతే పన్నెండు సార్లు మార్చాలి, పదకొండే మారుస్తారు. బ్లాక్ లోపలి గీతల్ని 0 లేయర్ మీద గీయండి. అప్పుడు ఆ బ్లాక్ ఏ లేయర్‌లో పెడితే ఆ లేయర్ రంగు తీసుకుంటుంది. డెఫ్‌పాయింట్స్ అనే లేయర్ మీద మాత్రం ఏమీ గీయకండి, దాని మీద ఉన్నవి ప్రింట్‌లో రావు. "స్క్రీన్ మీద ఉంది, కాగితం మీద లేదు" అని జుట్టు పీక్కునేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

రెండు అంతస్తులుంటే కాలమ్ గ్రిడ్‌ని విడి ఫైల్‌లో పెట్టి, రెండు ప్లాన్లలోకి ఎక్స్‌రెఫ్‌గా తెచ్చుకోండి. కింది కాలమ్ జరిగితే పైన కూడా జరుగుతుంది. ఈ ఫైళ్లు ఎవరికైనా పంపేటప్పుడు ఈట్రాన్స్‌మిట్ వాడితే ఎక్స్‌రెఫ్‌లతో సహా ప్యాక్ చేస్తుంది.

5. స్లో అవుతోందా? ఫైల్‌ని శుభ్రం చేయండి

ఇదిగో, ల్యాప్‌టాప్ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. నెట్‌లో దొరికిన సోఫాలు, చెట్లు, కార్ల బ్లాకులన్నీ తెచ్చి పడేస్తాం. తర్వాత తీసేసినా వాటి నిర్వచనాలు ఫైల్‌లోనే ఉండిపోతాయి. పర్జ్ కొడితే వాడనివి పోతాయి. ఓవర్‌కిల్ కొడితే ఒకదాని మీద ఒకటి పడిన డూప్లికేట్ గీతలు పోతాయి. ఆడిట్ కొడితే ఫైల్‌లో లోపాలు సరిచేస్తుంది. చిక్కటి హాచ్‌ల లేయర్‌ని పని చేసేటప్పుడు ఫ్రీజ్ చేయండి. డ్రాయింగ్ సున్నా బిందువుకి ఎక్కడో లక్షల యూనిట్ల దూరంలో ఉంటే దగ్గరికి జరపండి, అంత దూరంలో స్నాప్‌లు, హాచ్‌లు పిచ్చిగా ప్రవర్తించొచ్చు. ఇవన్నీ చేశాక కూడా స్లోగా ఉంటే అప్పుడు ల్యాప్‌టాప్‌ని అనండి.

6. బ్యాకప్

క్రాష్ అయినా కంగారు పడొద్దు. సేవ్ చేసిన ప్రతిసారీ ఆటోక్యాడ్ పాత కాపీని బ్యాక్ ఫైల్‌గా ఉంచుతుంది. దాని ఎక్స్‌టెన్షన్‌ని డీడబ్ల్యూజీగా మారిస్తే తెరుచుకుంటుంది. ఆటోసేవ్ మామూలుగా 10 నిమిషాలకి ఉంటుంది, 5 చేసుకోండి. "ఫైనల్", "ఫైనల్ న్యూ", "రియల్ ఫైనల్" అని పేర్లు పెట్టకండి. తేదీ, వెర్షన్ నంబర్ రాయండి, ఆ నంబర్ షీట్ మీద కూడా ఉండాలి. లేకపోతే సైట్‌లో మేస్త్రీ చేతిలో ఉన్నది పాత ప్రింటో కొత్త ప్రింటో ఎవరికీ తెలియదు.

ఫోన్‌తో కొలవొచ్చా?

ఇది గ్యాడ్జెట్ ప్రియుల ప్రశ్న. ఐఫోన్ ప్రో మోడల్స్‌లో 12 ప్రో నుంచి లైడార్ సెన్సర్ ఉంది. గదిని స్కాన్ చేస్తే నిమిషాల్లో ప్లాన్ వస్తుంది. ఫర్నిచర్ పడుతుందా లేదా చూసుకోవడానికి సూపర్. కానీ దాన్ని నమ్మి తలుపు ఫ్రేమ్ ఆర్డర్ ఇవ్వను. చేతిలో పట్టే లేజర్ మీటర్లు మంచివైతే 2 మిల్లీమీటర్ల తేడాలోపే కొలుస్తాయి. నన్నడిగితే ఫోన్ అప్‌గ్రేడ్ కంటే అదే మంచి ఖర్చు.

సాఫ్ట్‌వేర్ ఖర్చు సంగతికొస్తే, స్టూడెంట్స్‌కి ఆటోడెస్క్ ఎడ్యుకేషన్ లైసెన్స్ ఉచితం. మిగతావాళ్లు నేర్చుకోవడానికి లిబ్రేక్యాడ్ ఉంది, 3డీకి బ్రౌజర్‌లో నడిచే ఉచిత స్కెచప్ ఉంది. క్రాక్ వెర్షన్ మాత్రం వద్దు. ఇంటి ప్లాన్ ఉన్న మెషిన్‌లోకి వైరస్‌ని మనమే పిలిచినట్టు ఉంటుంది.

ఇంకో మాట. ఇంటి ప్లాన్ గీయగలగడం వేరు, ఇల్లు డిజైన్ చేయడం వేరు. కాలమ్ సైజు, స్టీలు ఎంత వాడాలి అన్నవి స్ట్రక్చరల్ ఇంజినీర్ తేల్చాలి. మా ఇంటికీ ఆయనే తేల్చారు. మనం గీసుకున్న ప్లాన్ వల్ల లాభమేంటంటే, ఆయన ముందు కూర్చున్నప్పుడు మనకేం కావాలో స్పష్టంగా చెప్పగలుగుతాం.

నేనిప్పుడు ఏ ప్లాన్ పంపే ముందైనా ఒక పని చేస్తా. ప్రింట్ తీసి, పెన్ను పట్టుకుని, లోపలి కొలతలు, గోడ మందాలు వరుసగా కూడి బయటి కొలతతో సరిచూస్తా. అడ్డం ఒకసారి, నిలువు ఒకసారి. ఐదు నిమిషాలు పడుతుంది. ఈ టెస్ట్ నేర్పింది ఏ యూట్యూబ్ చానెలూ కాదు, మా మేస్త్రీ. ఆ ఇంటిని గీసిన పాత ల్యాప్‌టాప్‌లోనే ఇప్పటికీ గీస్తున్నా. వంటగది పదడుగులే వచ్చింది. హాలు అడుగు తగ్గింది, దానికి నాన్న ఇంకా సణుగుతూనే ఉన్నారు.