శోధనపెట్టెలో ఆటోనగర్: వర్ణక్రమం ఎవరి బాధ్యత?

నిఘంటువులు, పాత పత్రికల సంపుటాలు, శాసనపాఠాలు అంతర్జాలంలోకి చేరుతున్న కొద్దీ వాటికి ద్వారం ఒక ఖాళీ పెట్టె, దాని పక్కన ‘వెతుకు’ అనే మీట మాత్రమే అవుతున్నది. ఆ పెట్టెలో సరైన మాట రాసినా ‘ఫలితాలు లేవు’ అన్న జవాబు వస్తే తెలుగు శాఖలలో సాధారణంగా రెండు వ్యాఖ్యలు వినిపిస్తాయి. వెతికినవారికి వర్ణక్రమం రాదన్నది ఒకటి. అది కంప్యూటరువారు చూసుకోవలసిన పని అన్నది రెండవది. మొదటిది అహంకారం, రెండవది పలాయనం.

విశాఖపట్నంలో గాజువాకను ఆనుకొని ఉన్న ఆటోనగర్ పేరుతోనే దీనిని పరీక్షించవచ్చు. ఆటోనగర్, ఆటో నగర్, ఆటోనగరు అని ఈ పేరును మూడు విధాలుగా రాయవచ్చు. విభక్తి చేరగానే చిక్కు ముదురుతుంది. ‘ఆటోనగర్‌లో’ అని పొల్లు నిలిపి రాయాలంటే రకారప్పొల్లుకూ లకారానికీ నడుమ కంటికి కనిపించని సంకేతం ఒకటి చేరాలి. యూనికోడ్ దానిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటుంది. అది లేకపోతే ఆ రెండూ సంయుక్తమై ‘ఆటోనగర్లో’ అవుతుంది. ఒక పాఠం నుంచి ఈ పేరును విభక్తి వదిలి నకలు చేసుకొన్నప్పుడు ఆ అదృశ్య సంకేతం పదం చివర మిగిలిపోవచ్చు. తెరమీద ‘ఆటోనగర్’ అనే కనిపిస్తుంది. సంకేతాలను యథాతథంగా పోల్చే డేటాబేస్ మాత్రం దానిని వేరే పదంగా లెక్కించి, ఉన్న పేరును లేదంటుంది. వెతికినవారు తమ తప్పేమిటో ఎంత చూసినా కనిపెట్టలేరు, ఎందుకంటే తప్పు కంటికి అందేది కాదు.

దోషాన్వేషణకు ఒక క్రమం ఉన్నది. ఫారం పంపిన తెలుగు ప్రశ్నార్థకాలుగా మారుతుంటే పట్టికను లాటిన్ లిపికే పరిమితం చేశారని అర్థం. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటికీ 3 బైట్లు కావాలి. పాఠం అను వంటి పాత ఫాంట్లలో ఉంటే తెలుగుగా కనిపించేది నిజానికి లాటిన్ సంకేతాల వరుస, దానిని ముందు మార్చుకోవాలి. ఎత్వానికి ఐత్వపు గుర్తు విడిగా చేర్చి రాసిన ఐత్వాన్నీ, ఒకే సంకేతంగా రాసిన ఐత్వాన్నీ యూనికోడ్ సమీకరణ ఒకటిగా చేస్తుంది. ఇంతవరకూ సాంకేతికుడి పని. దీని తరువాత అతని చేతిలో సాధనమేదీ లేదు.

మరమ్మతు, మరమ్మత్తు ఒకే పదమని ఏ సమీకరణా చెప్పదు. బేరింగు, బేరింగ్; లేతు, లేత్; బంపరు, బమ్పర్ జంటల సంగతీ అంతే. (స్పానరు అని వెతికినవారికి పానా దొరకాలా అన్నది పర్యాయపదాల ప్రశ్న, దానిని ఇందులో కలపరాదు.) అజంత, హలంత రూపాల మధ్య, సున్నకూ వర్గానునాసికానికీ మధ్య సమానతను నిర్ణయించవలసినవారు భాషాశాస్త్రం చదివినవారే. వారు నిర్ణయించకపోతే ప్రోగ్రామరు తనకు తోచింది చేస్తాడు, లేదా ఏమీ చేయడు.

భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో వెలువడినప్పుడు ప్రాంతానికొక తీరుగా ఉన్న రూపాలను శాస్త్రం సంపదగా లెక్కించింది. అదే శాస్త్రం నేడు శోధనపెట్టె ముందు ఆ వైవిధ్యాన్ని దోషంగా చూడటం విడ్డూరం. ఆటోనగర్‌లోని యంత్రవృత్తుల పదజాలాన్ని రేపెవరైనా అదే పద్ధతిలో సేకరిస్తే, సేకరించిన రూపాలు సూచికలోనే పూడిపోతాయి.

రూపాలను ఏకం చేస్తే పాఠశుద్ధి చెడుతుందన్న ఆక్షేపణ తీసివేయదగినది కాదు. ప్రాచీన లేఖనంలో ‘ఏఱు’ నది, ‘ఏరు’ నాగలి. శకటరేఫాన్ని సాధురేఫంగా మార్చి నిల్వచేస్తే నిఘంటువు పాడవుతుంది. కానీ మార్చవలసింది పాఠాన్ని కాదు. మూలరూపం ఒక గడిలో యథాతథంగా ఉండాలి. వెతకటానికి మాత్రమే పనికివచ్చే సమీకృత రూపం పక్క గడిలో ఉండాలి. అప్పుడు ‘ఏరు’ అని రాసిన విద్యార్థికి రెండు ఆరోపాలూ తమ తమ లేఖనంతో కనిపిస్తాయి, భేదం కూడా అక్కడే తెలుస్తుంది. నేడు ఆ విద్యార్థికి నాగలి దొరికి నది దొరకదు. శుద్ధి పేరిట కాపాడుతున్నది ఈ స్థితినేనా?

కనుక శాఖలు తమ పట్టికలను సాంకేతికులకు అప్పగించే ముందే సమానరూపాల సూత్రాలను రాసి, వాటిని పరిశోధన ఫలితంగా ప్రచురించాలి. అందులో కష్టమైన భాగం బహువచనం. ‘లు’ తొలగించే సూత్రం బేరింగులను బేరింగుగా సరిగానే కుదిస్తుంది; పాలను మాత్రం ‘పా’గా మిగులుస్తుంది. ఆ సూత్రం ఎక్కడ ఆగాలో చెప్పగలిగిన నిత్యబహువచనాల పట్టిక వ్యాకరణ తరగతిలో ఏటా బోధిస్తున్నదే, సూచిక తయారుచేసేవారికి ఎవరూ ఇవ్వలేదు.